టయోటా హైలక్స్ చోదక వ్యవస్థ: శబ్ద నిర్ధారణ, మార్పులు

టయోటా హైలక్స్ జపాన్‌కు చెందిన టయోటా సంస్థ 1968 నుండి తయారు చేస్తున్న పికప్ ట్రక్కు. దీని నాలుగు చక్రాల చోదక నమూనా 1979లో విపణిలోకి వచ్చింది. ఇంజను శక్తిని చక్రాలకు చేర్చే భాగాలన్నిటినీ కలిపి చోదక వ్యవస్థ అంటారు. పాత హైలక్స్ వాహనాలలో ఈ వ్యవస్థ నుండి వచ్చే శబ్దం ఏ భాగానిదో గుర్తించే పద్ధతులను, వాహనం ఎత్తు పెంచడం, పెద్ద టైర్లు వేయడం వంటి మార్పుల ప్రభావాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ రెండు విషయాలకు దగ్గర సంబంధం ఉన్నది. అరిగిన భాగాన్ని గుర్తించకుండా మార్పులు చేసినచో ఆ భాగంపై భారం పెరుగుతుంది. తరువాత వచ్చే శబ్దం పాత అరుగుదల వలన కలిగినదా, కొత్త మార్పు వలన కలిగినదా అని తేల్చడం కష్టమవుతుంది.

నిర్మాణం

ఇంజను నుండి శక్తి క్లచ్ ద్వారా గేరుబాక్సుకు, అక్కడి నుండి ట్రాన్స్‌ఫర్ కేసుకు చేరుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసు నుండి ఒక ప్రొపెల్లర్ షాఫ్టు వెనుక ఇరుసుకు, మరొకటి ముందు ఇరుసుకు పోతాయి. ప్రతి ఇరుసు మధ్యలో క్రౌన్ చక్రం, పినియన్, డిఫరెన్షియల్ ఉంటాయి. షాఫ్టుల కొనలలో ఉండే యూనివర్సల్ జాయింట్లను మన మెకానిక్కులు క్రాసులు అంటారు.

పాత హైలక్స్ ట్రాన్స్‌ఫర్ కేసులో గొలుసు ఉండదు, గేర్లు మాత్రమే ఉంటాయి. దాని తక్కువ వేగపు నిష్పత్తి 2.28. ముందు, వెనుక ఇరుసుల మధ్య వేరే డిఫరెన్షియల్ లేదు. కావున నాలుగు చక్రాల చోదనను మట్టి, ఇసుక, బురద వంటి జారే నేలపైననే వాడాలి. పొడి తారురోడ్డుపై వాడితే మలుపులలో ముందు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగవలసి వచ్చి, ఆ తేడా షాఫ్టులలో మెలికగా పేరుకుంటుంది. అమెరికా విపణిలో 1985 నమూనాల వరకు ముందు భాగంలో కమాను పట్టీలపై నిలిచే గట్టి ఇరుసు ఉండేది. 1986 నమూనా నుండి ముందు చక్రాలకు స్వతంత్ర సస్పెన్షన్ ప్రవేశపెట్టారు.

శబ్దం, భ్రమణ వేగం

తిరిగే భాగం చేసే శబ్దపు పౌనఃపున్యం దాని భ్రమణ వేగాన్ని అనుసరిస్తుంది. శబ్ద నిర్ధారణకు ఇదే ఆధారం. ఉదాహరణకు 28.5 అంగుళాల వ్యాసం గల టైరు చుట్టుకొలత సుమారు 2.27 మీటర్లు. వాహనం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు:

* చక్రం సెకనుకు సుమారు 7.3 సార్లు తిరుగుతుంది. టైరు లేదా చక్రం సమతూకం తప్పితే ఈ లయలో అదురు వస్తుంది.
* ఇరుసు నిష్పత్తి 4.10 అయితే ప్రొపెల్లర్ షాఫ్టు సెకనుకు సుమారు 30 సార్లు తిరుగుతుంది. షాఫ్టు సమతూకం తప్పితే అదురు ఈ లయలో ఉంటుంది.
* క్రాసుల కోణం సరిగా లేకపోతే ప్రతి చుట్టుకు రెండు చొప్పున, సెకనుకు సుమారు 60 అదురులు వస్తాయి.
* క్రౌన్ చక్రానికి 41, పినియనుకు 10 పళ్ళు ఉంటే పళ్ళు సెకనుకు సుమారు 300 సార్లు కలుస్తాయి. ఇది చెవికి ఊళ వలె వినిపిస్తుంది.

కనుక చక్రం నుండి వచ్చే దోషం నెమ్మదైన ఊపుగాను, షాఫ్టు దోషం వేగమైన అదురుగాను, గేరు పళ్ళ దోషం స్వరంగాను తెలుస్తాయి.

నిర్ధారణ పద్ధతి

ఒక్కొక్క భాగాన్ని వ్యవస్థ నుండి తప్పిస్తూ పరీక్షించడం దీనిలోని ముఖ్య సూత్రం.

1. నిలిచి ఉన్నప్పుడు: వాహనం న్యూట్రల్‌లో నిలిచి ఉండగా వచ్చే శబ్దం ఇంజను, క్లచ్, గేరుబాక్సులలో ఒకదానిది. క్లచ్ తొక్కగానే శబ్దం ఆగితే గేరుబాక్సు ముందు బేరింగును, తొక్కినప్పుడే మొదలైతే క్లచ్ రిలీజ్ బేరింగును అనుమానించాలి.

2. న్యూట్రల్‌లో సాగినప్పుడు: ఖాళీగా ఉన్న సమతల రోడ్డుపై శబ్దం వచ్చే వేగంలో ఉండగా, ఇంజను ఆపకుండా గేరును న్యూట్రల్ చేయాలి. శబ్దం అలాగే కొనసాగితే కారణం షాఫ్టులు, ఇరుసులు, చక్రాలలో ఉన్నది. ఇంజను వేగంతో పాటు తగ్గితే కారణం ముందు భాగాలలో ఉన్నది.

3. ముందు హబ్బుల పరీక్ష: చేతితో బిగించే హబ్బులు ఉన్న వాహనంలో, రెండు చక్రాల చోదనలోనే ఉంచి, హబ్బులను ఒకసారి వదిలి, మరొకసారి బిగించి నడపాలి. బిగించినప్పుడు ముందు ఇరుసు, ముందు షాఫ్టు కూడా తిరుగుతాయి. అప్పుడు మాత్రమే శబ్దం వస్తే దోషం ముందు ఇరుసు వైపు ఉన్నది.

4. భారం మార్చడం: ఊళ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చి, వదిలినప్పుడు మారితే క్రౌన్, పినియన్‌ల అమరికను, పినియన్ బేరింగులను చూడాలి.

5. మలుపులు: వాహనం ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రాలపై పడుతుంది. అప్పుడు గరగర శబ్దం పెరిగితే కుడి చక్రపు బేరింగును అనుమానించాలి. కుడికి తిరిగినప్పుడు ఎడమ బేరింగుకు ఇదే వర్తిస్తుంది.

6. రోడ్డు మార్చడం: టైర్ల హోరు నున్నని రోడ్డుపై ఒక తీరుగా, గరుకు రోడ్డుపై మరో తీరుగా ఉంటుంది. డిఫరెన్షియల్ ఊళ రోడ్డును బట్టి మారదు. బురద టైర్ల హోరును డిఫరెన్షియల్ దోషంగా పొరబడడం సర్వసాధారణం.

సాధారణ శబ్దాలు, కారణాలు

* బయలుదేరేటప్పుడు, గేరు మార్చేటప్పుడు ఠంగుమనే శబ్దం: అరిగిన క్రాసులు, షాఫ్టులోని జారుడు పళ్ళు, లేదా క్రౌన్, పినియన్‌ల మధ్య పెరిగిన సందు. ఈ సందు మిల్లీమీటరులో పదో వంతు నుండి ఐదో వంతు వరకు మాత్రమే ఉండాలి.
* తక్కువ వేగంలో కీచుకీచుమనడం: క్రాసులలో గ్రీజు ఎండిపోవడం.
* హబ్బులు బిగించి మలుపు తిరిగినప్పుడు టకటకమనడం: గట్టి ఇరుసు నమూనాలలో ముందు చక్రం దగ్గర ఉండే బిర్ఫీల్డ్ జాయింటు అరుగుదల. ఇరుసు లోపలి సీలు పాడైతే డిఫరెన్షియల్ నూనె ఈ జాయింటు గ్రీజులో కలిసి దానిని పలుచన చేస్తుంది.
* గేరు కడ్డీ గలగలలాడడం: కడ్డీ అడుగున ఉండే ప్లాస్టిక్ బుష్ అరుగుదల. కడ్డీపై చేయి పెట్టగానే శబ్దం ఆగితే కారణం ఇదే. ఇది తక్కువ ఖర్చుతో పోతుంది.
* ఇంజను ముందు భాగంలో గలగల: ఇది చోదక వ్యవస్థకు చెందినది కాదు. 22ఆర్ శ్రేణి ఇంజన్లలో టైమింగ్ గొలుసుకు ఆధారంగా ఉండే ప్లాస్టిక్ పట్టీలు విరిగితే గొలుసు పక్క మూతను కోస్తుంది. అప్పుడు శీతలీకరణ నీరు నూనెలో కలిసి ఇంజను పూర్తిగా చెడిపోగలదు. కావున ఈ శబ్దాన్ని వెంటనే పట్టించుకోవాలి.

ఏ భాగాన్ని విప్పే ముందైనా నూనెను పరీక్షించాలి. అడుగు బిరడాకు అంటుకున్న మెత్తని పొడి సహజమైన అరుగుదల. లోహపు తునకలు ఉంటే పళ్ళు లేదా బేరింగులు విరుగుతున్నట్లు. ఇరుసులలోని హైపాయిడ్ గేర్లకు జీఎల్-5 తరగతి నూనె అవసరం. అదే నూనెలోని గంధక సంయోగాలు కొన్ని గేరుబాక్సులలోని ఇత్తడి సింక్రోనైజర్లకు హాని చేయవచ్చును. అందువలన ఒకే నూనెను అన్నిటికీ వాడక తయారీదారు సూచనను పాటించాలి.

మార్పులు, వాటి ప్రభావం

పెద్ద టైర్లు

28.5 అంగుళాల టైర్లకు బదులు 33 అంగుళాలవి వేస్తే ప్రతి చుట్టుకు వాహనం సుమారు 16 శాతం ఎక్కువ దూరం పోతుంది. వేగసూచిక 60 చూపినప్పుడు అసలు వేగం 69కి పైగా ఉంటుంది. లాగుడు శక్తి తగ్గుతుంది, బ్రేకులపై భారం పెరుగుతుంది. పాత లాగుడును తిరిగి పొందడానికి 4.10 × 1.16, అనగా సుమారు 4.75 ఇరుసు నిష్పత్తి కావాలి. దానికి దగ్గరగా దొరికే 4.88 గేర్లను వాడతారు. ముందు, వెనుక ఇరుసుల నిష్పత్తి తప్పనిసరిగా ఒకటే ఉండాలి.

ఎత్తు పెంచడం

కమాను పట్టీలను మార్చి వాహనాన్ని ఎత్తితే ప్రొపెల్లర్ షాఫ్టు వాలు పెరుగుతుంది. కోణంలో తిరిగే క్రాసు శక్తిని సమవేగంతో అందించలేదు. కోణం 10 డిగ్రీలైతే వేగం సుమారు 1.5 శాతం, 20 డిగ్రీలైతే సుమారు 6 శాతం హెచ్చుతగ్గులకు లోనవుతుంది. షాఫ్టు రెండు కొనల కోణాలు సమానంగా ఉన్నప్పుడే ఈ హెచ్చుతగ్గులు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. దీనికై ఇరుసుకు, కమాను పట్టీలకు మధ్య ఏటవాలు బిళ్ళలు అమర్చి పినియన్ కోణాన్ని సరిచేస్తారు. రెండు ముక్కల షాఫ్టు ఉన్న పొడవైన నమూనాలలో మధ్య బేరింగును కూడా కిందికి దించవలసి ఉంటుంది. ఈ సవరణ చేయకపోతే క్రాసులు త్వరగా అరుగుతాయి. నడుస్తుండగా ముందు కొనలోని క్రాసు విరిగితే షాఫ్టు నేలకు గుచ్చుకొని పెద్ద ప్రమాదం సంభవించగలదు.

తక్కువ వేగపు గేర్లు

మొదటి గేరు నిష్పత్తి 3.93 అయితే మొత్తం నిష్పత్తి 3.93 × 2.28 × 4.10, అనగా సుమారు 37. ట్రాన్స్‌ఫర్ కేసులో 4.70 గేర్లు, ఇరుసులలో 4.88 గేర్లు వేస్తే ఇది సుమారు 90కి చేరుతుంది. బండరాళ్ళపై పాకినట్లు నడపడానికి ఇది అనుకూలం. అయితే చక్రాలకు చేరే మెలిపెట్టే బలం కూడా అదే మేరకు పెరిగి, బలహీనమైన జాయింటు లేదా ఇరుసు కడ్డీ విరగవచ్చును.

మార్పుల తరువాత వినిపించే కొన్ని శబ్దాలు దోషాలు కావు. తక్కువ వేగపు గేరులో ట్రాన్స్‌ఫర్ కేసు ఊళ, మలుపులలో ఆటోమేటిక్ లాకర్ చేసే టకటక సహజమైనవే.

జాగ్రత్తలు

వాహనం కిందికి వెళ్ళే ముందు దానిని జాకీపై కాక గట్టి స్టాండ్లపై నిలపాలి. నాలుగు చక్రాల చోదనలో ఉండగా ఏ ఒక్క చక్రం నేలను తాకుతున్నా, ఇంజను నడిపినప్పుడు వాహనం స్టాండ్లపై నుండి దూకగలదు. తిరిగే షాఫ్టు దగ్గరకు వదులు దుస్తులతో పోరాదు.

భారతదేశంలో

హైలక్స్ భారత విపణిలోకి 2022లో వచ్చింది. పాత హైలక్స్ ఇక్కడ అరుదు. అయితే విల్లీస్ నమూనా ఆధారంగా మహీంద్రా తయారు చేసిన పాత జీపులలో కూడా కమాను పట్టీలు, మధ్య డిఫరెన్షియల్ లేని ట్రాన్స్‌ఫర్ కేసు ఉండడం వలన పై పరీక్షలలో చాలావరకు వాటికీ వర్తిస్తాయి. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షన్ వాహన మార్పులను నియంత్రిస్తుంది. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. కనుక ఎత్తు పెంచడం, పెద్ద టైర్లు వేయడం వంటి మార్పులకు ముందు రవాణా శాఖ నిబంధనలను తెలుసుకోవడం అవసరం. అరిగిన భాగాన్ని అదే రకపు భాగంతో మార్చడానికి ఈ ఆంక్ష లేదు.

ఇవి కూడా చూడండి

* గేరుబాక్సు
* డిఫరెన్షియల్
* యూనివర్సల్ జాయింటు
* జీపు