పసివాడు ముద్ద మింగనంటే

తినటం లేదని తల్లి బెంగ. మాట రాలేదని నాయనమ్మ బెంగ. ఈ రెండు బెంగల్లో ఎంత నిజముందో తెలుసుకోవటం ఎలా?

సాయంసంధ్య వేళ. బిల్హా స్టేషను మీదుగా సరకుల రైలు ఒకటి మెల్లగా సాగిపోతున్నది. పట్టాలకు దాపున ఉన్న ఒక ఇంటి వాకిట్లో, ఇరవై నెలల కొడుకును చంకనెత్తుకుని, చేత పప్పన్నం గిన్నె పట్టుకుని ఒక తల్లి నిలబడి ఉన్నది. తాను చిన్ననాడు చందమామను చూస్తూ గోరుముద్దలు తిన్నది. ఇప్పుడు కొడుక్కు గూడ్సుబండిని చూపిస్తున్నది. ఒక్కొక్క పెట్టె దాటినప్పుడల్లా ఒక్కొక్క ముద్ద. మూడు పెట్టెలు దాటేసరికి పసివాడు మూతి బిగించి తల పక్కకు తిప్పుకున్నాడు. ఇంకా నలభై పెట్టెలు ఉన్నాయి. గిన్నె నిండుగానే ఉన్నది.

ఇది ఊహించి చెప్పిన దృశ్యమే. అయినా చూడనివారు అరుదు. బిల్హా ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ జిల్లాకు చెందిన చిన్న పట్టణం. బిలాస్‌పూర్ నుంచి రాయపూర్ వెళ్ళే రైలుమార్గం మీద, వరిపొలాల నడుమ ఉన్నది. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడిన తరువాత, ఆ కంపెనీ వేసిన పట్టాలను అనుసరించి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు ఖరగ్‌పూర్‌కు, బిలాస్‌పూర్‌కు, రాయపూర్‌కు తరలిపోయాయి. తరాలు గడిచినా ఆ ఇళ్ళలో చారు తాలింపు వాసన పోలేదు. తెలుగు మాటా పోలేదు. కనుక మన కథలోని ఇంట్లో నాయనమ్మ తెలుగులో గదమాయిస్తుంది, పక్కింటి ఇల్లాలు ఛత్తీస్‌గఢీలో ముద్దు చేస్తుంది, వీధి మొత్తం హిందీలో మాట్లాడుతుంది. పసివాడు అందరి మాటా వింటాడు. ఎవరి గిన్నెలోదీ తినడు.

"పక్కింటి బాబు చూడు, ఎంత బొద్దుగా ఉన్నాడో! మనవాడికి అన్నం సయించటం లేదు. రెండో ఏడు నడుస్తున్నది, మాట కూడా సరిగా రాలేదు" అని నాయనమ్మ నిట్టూరుస్తుంది. ఆ మాట కోడలి మనసులో ముల్లులా దిగుతుంది. మరునాడు ముద్దలు మరింత పెద్దవవుతాయి; పసివాడి మూతి మరింత బిగుసుకుంటుంది.

ఆకలి ఎక్కడికి పోయింది?

మొదటి ఏట శిశువు పెరిగే వేగం జీవితంలో మరెన్నడూ ఉండదు. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ అయిదు నెలలకు రెండింతలు, ఏడాదికి మూడింతలు తూగుతాడు. ఇరవై అయిదు సెంటీమీటర్ల వరకు పొడవు పెరుగుతాడు. రెండో ఏట ఆ వేగం ఒక్కసారిగా తగ్గిపోతుంది. బరువు రెండు, రెండున్నర కిలోలు మాత్రమే పెరుగుతుంది. పొడవు పెరుగుదల ఇంచుమించు సగానికి పడిపోతుంది. పెరుగుదల మందగించినప్పుడు ఆకలి కూడా మందగించటం ప్రకృతి ధర్మం. నిన్న గిన్నెడు తిన్నవాడు నేడు నాలుగు ముద్దలతో లేచిపోవటం రోగం కానక్కరలేదు. అంతేకాదు, ఆ వయసులోనే అతనికి నడక వచ్చింది. 'వద్దు' అనటం వచ్చింది. లోకాన్ని తిరిగి చూడవలసిన వేళ ఒకచోట కూర్చుని తినమంటే ఏ పసివాడికైనా కష్టమే.

పసివాళ్ళకు తమ ఆకలి తమకు తెలుసునా అన్న ప్రశ్నకు అమెరికాలో క్లారా డేవిస్ అనే వైద్యురాలు 1920లలో ఒక సాహసోపేతమైన ప్రయోగంతో సమాధానం వెతికారు. తల్లిపాలు మాన్పించిన పదిహేనుమంది శిశువుల ముందు రకరకాల ఆహార పదార్థాలు ఉంచి, ఏది ఎంత తినాలో వారికే వదిలివేశారు. దాదులు చెంచా అందించాలేగాని, తినమని బతిమాలరాదు, వద్దని వారించరాదు. పిల్లల తిండి చూస్తే ఒక పద్ధతంటూ కనిపించలేదు. ఒకనాడు అంతా పండ్లే, మరొకనాడు అంతా గుడ్లే. అయినా అందరూ పుష్టిగా పెరిగారు. అయితే ఈ కథలో ఒక కిటుకు ఉన్నదని ఆమే చెప్పారు: బల్ల మీద పెట్టిన ముప్పైనాలుగు పదార్థాలలో ఒక్కటీ పనికిమాలినది కాదు. మిఠాయి లేదు, బిస్కెట్టు లేదు. ఏమి వండాలో పెద్దలు నిర్ణయించారు. ఎంత తినాలో పిల్లలు నిర్ణయించారు.

మన ఇళ్ళలో సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు. అన్నం వేళకు ముందు ఏడుపు మాన్పటానికి చేతికి బిస్కెట్టు ఇస్తాము, టీలో ముంచి నోట పెడతాము. అన్నం వేళ వచ్చేసరికి ఆకలి చచ్చి ఉంటుంది. అప్పుడు ఎంత తినాలో మనం నిర్ణయిస్తాము. బూచాడిని పిలుస్తాము, లేదా సెల్‌ఫోను ముందు పెట్టి, పసివాడు మైమరచి చూస్తుండగా ముద్దలు కూరుతాము. కడుపు నిండవచ్చు, కాని 'నాకు చాలు' అని తన కడుపు తనకు చెప్పే మాట వినటం అతడు మరచిపోతాడు.

పాలగ్లాసులో దాగిన లోటు

'అన్నం తినకపోతేనేం, పాలు తాగుతున్నాడుగా' అని సరిపెట్టుకునే తల్లులు అనేకులు. పాలు మంచి ఆహారమే. కాని పాలలో ఇనుము బహు స్వల్పం. ఏడాది దాటిన పిల్లలు రోజుకు అర లీటరును మించి పాలు తాగితే, కడుపు నిండిపోయి అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు లోపలికి పోవు. శరీరంలో ఇనుము తరిగిపోతుంది. ఇనుము తరిగితే ఆకలి మందగిస్తుంది. ఆకలి మందగిస్తే తల్లి మరో గ్లాసు పాలు పడుతుంది. ఇదొక విషవలయం. టీ సంగతి సరేసరి. తిన్న తిండిలోని ఇనుమును ఒంటబట్టనివ్వదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలలో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఆరు నుంచి ఇరవై మూడు నెలల పిల్లలలో చాలినంత ఆహారం, చాలినన్ని రకాలతో అందుతున్నవారు 11 శాతం మాత్రమే. రక్తహీనత వల్ల పసివాడు పాలిపోవటమే కాదు, ఎదుగుతున్న మెదడు కూడా దెబ్బతింటుంది. మట్టి తినే అలవాటు కూడా ఇనుము లోటుకు ఒక గుర్తు కావచ్చు. అయితే ఛత్తీస్‌గఢ్‌లో కొడవలికణ వ్యాధి కూడా హెచ్చు. కనుక పాలిపోయిన బిడ్డకు అంగడి మందు పోసి ఊరుకోక, రక్తపరీక్ష చేయించి వైద్యుని సలహా తీసుకోవటం ఉత్తమం.

ఇంతకూ ఏమి పెట్టాలి? ఖరీదైన డబ్బాపొడులు అక్కరలేదు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న పరిశోధనాలయం, వేయించిన గోధుమలు, సెనగపప్పు, వేరుసెనగలు, బెల్లం కలిపి ఒక పొడిని రూపొందించింది. 'హైదరాబాదు మిశ్రమం' అని దానికి పేరు. ఏ వంటింట్లోనైనా దొరికే సరకులే. చోడిపిండి జావ ఉత్తరాంధ్రవారికి కొత్త కాదు. ఆ చోళ్ళనే ఛత్తీస్‌గఢ్‌లో మడియా అంటారు. మునగాకు రెండు చోట్లా పెరట్లోనే ఉంటుంది. పప్పన్నంలో ఒక చెంచా నెయ్యి లేదా నూనె, మెత్తగా నలిపిన గుడ్డు, కాస్త ఆకుకూర ఉంటే చాలు, చిన్న కడుపులో పెద్ద బలం ఇముడుతుంది. పసివాడి పొట్ట చిన్నది. కాబట్టి రోజుకు మూడు నాలుగుసార్లు భోజనం, నడుమ ఒకటి రెండుసార్లు పండో మరొకటో పెట్టటం మేలు. రెండేళ్ళ వరకు తల్లిపాలు మాన్పనక్కరలేదు.

నల్లగొండ పల్లెలు నేర్పిన పాఠం

తిండికీ తెలివికీ ఉన్న సంబంధం గురించి మన తెలుగు నేల మీదే ఒక విలువైన పరిశోధన జరిగింది. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, అమెరికా పరిశోధకులతో కలిసి, నల్లగొండ జిల్లాలోని అరవై గ్రామాలలో ఆరువందల మంది తల్లీబిడ్డలను మూడు బృందాలుగా విభజించారు. ఒక బృందానికి మామూలు అంగన్‌వాడీ సేవలు మాత్రమే అందాయి. రెండో బృందంలోని తల్లులకు, వాటితోపాటు, ఏ వయసులో ఏమి పెట్టాలో శిక్షణ పొందిన గ్రామ మహిళలు ఇంటికి వచ్చి చెప్పారు. మూడో బృందానికి ఆ సలహాలతోపాటు ఇంకొకటి కూడా నేర్పారు: బిడ్డ ఆకలి సైగలను గమనించి, బలవంతం లేకుండా, కబుర్లు చెబుతూ తినిపించటం, బిడ్డతో ఆడటం. పిల్లలకు మూడు నెలలు నిండినప్పటి నుంచి పదిహేను నెలల వరకు ఇది సాగింది.

2013లో వెలువడిన ఫలితాలు ఆలోచింపజేసేవి. సలహాలు అందిన రెండు బృందాలలోనూ పిల్లలు మామూలు బృందం వారికంటే మెరుగైన ఆహారం తిన్నారు. తిండి సలహాలు మాత్రమే అందిన బృందంలో పొట్టిగా ఉండిపోయిన పిల్లలు తగ్గారు. మూడో బృందంలో ఎత్తు విషయంలో అంత తేడా కనిపించలేదు. కాని మానసిక వికాస పరీక్షలో మామూలు బృందాన్ని మించినవారు ఆ పిల్లలే. తిండి మెరుగైన రెండో బృందంలో మాత్రం ఆ వికాసం కనిపించలేదు. అంటే శరీరానికి అన్నం ఎలాగో, మెదడుకు ముచ్చట అలాగ. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది దానంతట అదే రాదు.

ఇరుగుపొరుగుతో కాదు, గీతతో పోల్చాలి

మన కథలోని పసివాని బరువు తొమ్మిది కిలోల ఎనిమిది వందల గ్రాములు అనుకుందాం. పక్కింటి బాబుతో పోలిస్తే తక్కువే. కాని కొలబద్ద పక్కింటి బాబు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 వరకు ఢిల్లీతోసహా ఆరు దేశాలలోని నగరాలలో ఇంచుమించు 8,500 మంది పిల్లలను పరిశీలించి, 2006లో పెరుగుదల ప్రమాణాలను ప్రకటించింది. మన అంగన్‌వాడీలలో బరువు గుర్తించే పట్టికకు అవే ఆధారం. ఆ పట్టిక ప్రకారం ఇరవై నెలల మగబిడ్డకు ఆ బరువు సగటుకంటే తక్కువైనా, సురక్షిత పరిధిలోనిదే. ఒక్కనాటి బరువు కంటే నెలనెలా సాగే గీత ముఖ్యం. ఆ గీత పైకి సాగుతున్నంత కాలం, సన్నని పిల్లవాడు కూడా ఆరోగ్యవంతుడే. రెండు మూడు నెలలు వరుసగా గీత చదునుగా ఉన్నా, కిందికి వంగినా అలక్ష్యం చేయరాదు. మోచేతికి పైన, దండ చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్ల కంటే తక్కువున్నా, పాదాలలో నీరు దిగినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. మింగేటప్పుడు తరచు పొలమారటం, విడవని వాంతులు, విరేచనాలు, రెండు మూడు పదార్థాలు తప్ప మరేదీ ముట్టకపోవటం కూడా వైద్యునికి చెప్పవలసినవే.

నడక విషయంలోనూ తొందర పనికిరాదు. ఆ పరిశీలనలోనే ఆరోగ్యవంతులైన పిల్లలు కొందరు ఎనిమిది నెలలు దాటగానే ఒంటరిగా నడిచారు, కొందరు పదిహేడు నెలలు దాటాక నడిచారు. పద్ధెనిమిది నెలలు నిండినా అడుగు వేయకపోతే చూపించాలి.

ఇక మాట. రెండు మూడు భాషలు వినపడే ఇంట్లో పిల్లలకు మాట ఆలస్యమవుతుందని చాలామంది నమ్మకం. ఆ భయంతోనే కొందరు ఇంట్లో తెలుగు మానేసి హిందీ ఒక్కటే మాట్లాడతారు. భాషలు ఎక్కువ కావటం మాట ఆలస్యానికి కారణం కాదని శాస్త్రజ్ఞులు ఏనాడో తేల్చారు. కాకపోతే లెక్కపెట్టే తీరులోనే పొరపాటు జరుగుతుంది. నాయనమ్మ లెక్కలో మనవడికి ఆరు మాటలు వచ్చు: అమ్మ, తాత, బువ్వ, బండి, కాకి, వద్దు. పక్కింటి ఇల్లాలి లెక్కలో అయిదు: పానీ, దూద్, గాయ్, ఆయీ, చలో. రెండు లెక్కలూ కలిపినవారు ఆ ఇంట్లో లేరు. కలిపితే పదకొండు!

అలాగని మాట విషయంలో ఏమరుపాటు కూడా తగదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవటం, పదహారు నెలలకు ఒక్క మాటయినా లేకపోవటం, రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలపలేకపోవటం, అన్నింటినీ మించి, వచ్చిన మాటలే పోవటం — వీటిలో ఏది కనిపించినా ముందుగా చెవి పరీక్ష, ఆపైన వికాస పరీక్ష అవసరం. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏటా రెండుసార్లు పరీక్షించే ఏర్పాటు ఉన్నది. సందేహం కలిగిన తల్లి ఆ రోజు కోసం కాచుకు కూర్చోనక్కరలేదు. 'మగపిల్లలకు మాట ఆలస్యమే, వాడే మాట్లాడతాడులే' అన్న ఓదార్పు, ఒక్కొక్కసారి బంగారంలాంటి నెలలను హరిస్తుంది.

మళ్ళీ ఆ వాకిలికే పోదాం. కొన్ని వారాలు గడిచాయి. టీలో బిస్కెట్టు మానిపించారు. పాలు రెండు చిన్న గ్లాసులకు తగ్గాయి. సాయంకాలం అందరితోపాటు పీట వేసి పసివాని ముందు ఒక చిన్న పళ్ళెం పెట్టారు. అతడు తానే పప్పన్నం పిసుకుతూ సగం తిన్నాడు, సగం ఒళ్ళంతా పూసుకున్నాడు. తల్లికి చెయ్యి ఊరుకోలేదు. అయినా ముద్ద అందించలేదు. ఇంతలో దూరంగా కూత వినిపించింది. పసివాడు తింటున్నది ఆపి, మెతుకులు అంటిన వేలు వాకిలి వైపు చూపించాడు.

"బండి ఆయీ!" అన్నాడు.

అది తెలుగని నాయనమ్మ, హిందీ అని పక్కింటి ఇల్లాలు వాదులాడుకుంటూ ఉండగా, తల్లి ఆ రెండు మాటలనే మనసులో మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నది. రైలు వచ్చింది, సాగిపోయింది. ఆనాడు దాని పెట్టెలు ఎవరూ లెక్కపెట్టలేదు.