అడ్రసు మారినా మాట తెగకుండా

గంటకు 130 కిలోమీటర్ల వేగంతో పోతున్న రైల్లో కూడా, దారి పొడవునా సిగ్నలుంటే వీడియో కాల్ సాగిపోతుంది. అదే కాల్ మాట్లాడుతూ ఇంటి వాకిలి దాటి నాలుగడుగులు వేస్తే అవతలివాళ్ల ముఖం బిగుసుకుపోతుంది. "వినిపిస్తోందా?" అని ఇద్దరూ అరుచుకోవాల్సి వస్తుంది. న్యాయంగా అయితే రైల్లో తెగాలి, వాకిట్లో తెగకూడదు. ఈ తిరకాసుకి కారణం ఇంటర్నెట్ పుట్టుకలోనే ఉంది.

ముందు రైలు సంగతి. ఒక్కో టవరు పరిధి రెండు కిలోమీటర్లనుకుంటే, ఆ వేగంలో నిమిషం తిరక్కముందే టవరు మారాలి. ఫోన్ ఒక టవరుతో మాట్లాడుతూనే చుట్టుపక్కల టవర్ల సిగ్నల్‌ని కొలుస్తూ, ఆ కొలతలు నెట్‌వర్క్‌కి చెబుతుంటుంది. పక్కది కాస్త బలంగా కనబడగానే అటు దూకెయ్యదు. చెప్పుకోదగ్గ తేడాతో, కొంతసేపు నిలకడగా బలంగా ఉంటేనే మార్పు. లేకపోతే రెండు టవర్ల మధ్య ఊగిసలాడుతూ ఉన్న కనెక్షన్ కూడా పోగొట్టుకుంటుంది. మారాలని తేలాక, కొత్త టవరులో చోటు సిద్ధమయ్యాకే పాత టవరు ఫోన్‌ని వదులుతుంది. తెగేది సెకనులో చిన్న భాగం, చెవికి తెలియదు. దీన్నే హ్యాండోవర్ అంటారు. మాట తెగకుండా ఫోన్‌ని ఒక టవరు పరిధి నుంచి మరో టవరు పరిధికి అప్పగించే ఈ పద్ధతికి బెల్ ల్యాబ్స్ ఇంజినీరు ఆమోస్ జోయెల్‌కి 1972లోనే పేటెంట్ దక్కింది.

అయితే ఇంటర్నెట్ తెగకపోవడానికి అసలు కిటుకు టవర్లలో లేదు. ఫోన్‌కి ఐపీ అడ్రసు ఇచ్చేది టవరు కాదు, సిమ్ కంపెనీ నెట్‌వర్క్ లోపల ఎక్కడో ఉండే గేట్‌వే. టవరు మారిన ప్రతిసారీ ఆ నెట్‌వర్క్ దారిని కొత్త టవరు వైపు మళ్లిస్తుంది. అడ్రసు మాత్రం అలాగే ఉంటుంది. మీరు కాజీపేటలో ఉన్నారో, ఖమ్మం దాటారో అవతలి సర్వర్‌కి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

వాకిట్లో జరిగేది వేరు. వైఫైలో ఉన్నంతసేపు మీ అడ్రసు బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ ఇచ్చింది. మొబైల్ డేటాకి మారగానే సిమ్ కంపెనీ ఇచ్చింది. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రతిపాదించిన ఆలోచనలోంచి పుట్టి, 1981లో ప్రమాణంగా స్థిరపడిన టీసీపీ పద్ధతి ఒక కనెక్షన్‌ని నాలుగు సంఖ్యలతో గుర్తుపడుతుంది: ఇటు అడ్రసు, ఇటు పోర్టు నంబరు, అటు అడ్రసు, అటు పోర్టు నంబరు. అందులో ఒక్కటి మారినా ఆ సంభాషణ ముగిసినట్టే. అప్పటి కంప్యూటర్లు పెట్టిన చోటే ఉండేవి కాబట్టి, నువ్వెవరు, ఎక్కడున్నావు అనే రెండు ప్రశ్నలకీ ఒకే అడ్రసు జవాబుగా సరిపోయింది. జేబులో కంప్యూటరు పెట్టుకు తిరిగే రోజులు వచ్చేసరికి ఆ సర్దుబాటే మెడకు చుట్టుకుంది.

వీడియో కాల్స్ చాలావరకు టీసీపీని వాడవు, నిజమే. కానీ అడ్రసు మారినప్పుడు కొత్త దారి వెతుక్కుని, అవతలి ఫోన్‌కి ఆ సంగతి చేరవేసి, దారి పనిచేస్తోందో లేదో పరీక్షించుకోవాలి. ముఖం బిగుసుకుపోయేది ఆ వ్యవధిలోనే. దానికి తోడు ఫోన్ మొండితనం ఒకటి. వైఫై ఒక్క గీతకి పడిపోయి, డేటా ఏమీ కదలకపోయినా దాన్నే పట్టుకు వేలాడుతుంది. ఐఫోన్‌లో వైఫై అసిస్ట్, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అలాంటివే సెట్టింగులు ఉన్నది ఈ మొండితనాన్ని తగ్గించడానికే.

ఈ సమస్యని ఇంజినీర్లు ఆలస్యంగా ఏమీ గుర్తించలేదు. చార్లెస్ పెర్కిన్స్ సంపాదకత్వంలో 1996లోనే మొబైల్ ఐపీ ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం మీ సొంత నెట్‌వర్క్‌లో ఒక ప్రతినిధి యంత్రం ఉంటుంది. మీరెక్కడికి వెళ్లినా శాశ్వత అడ్రసు మారదు. దానికి వచ్చినవన్నీ అందుకుని, మీ తాత్కాలిక అడ్రసుకి పంపడం ఆ ప్రతినిధి పని. ఆలోచన చక్కటిదే. కానీ పక్క వీధిలోని సర్వర్ పంపిన డేటా కూడా ఎక్కడో ఉన్న సొంత నెట్‌వర్క్ చుట్టి రావాలి. పైగా నెట్‌వర్క్ నడిపేవాళ్లు ముందుకొచ్చి ఆ ప్రతినిధిని పెట్టాలి. సాధారణ వాడకంలోకి అది రాలేకపోవడానికి ఈ రెండోదే పెద్ద కారణమని నా అభిప్రాయం. ఎవరికి లాభమో వాళ్ల చేతుల్లో లేని మార్పు ఎంత మంచిదైనా ముందుకు సాగదు.

అందుకే తర్వాతి ప్రయత్నాలు నెట్‌వర్క్‌ని వదిలేసి రెండు కొసల మీద దృష్టి పెట్టాయి. వైఫైనీ మొబైల్ డేటానీ ఒకే కనెక్షన్‌లో వాడుకునే మల్టీపాత్ టీసీపీని యాపిల్ 2013లో సిరి కోసం వాడింది. ఆ దారిలో అసలు మలుపు క్విక్ అనే పద్ధతి. గూగుల్‌లో 2012 ప్రాంతంలో మొదలై 2021 మేలో ప్రమాణమైంది. ఇందులో కనెక్షన్‌కి అడ్రసుతో సంబంధం లేని సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది. రైల్లో బెర్తు మారినా పీఎన్‌ఆర్ మారనట్టు, అడ్రసు మారినా ఆ సంఖ్య చూసి సర్వర్ పాత సంభాషణనే కొనసాగిస్తుంది.

అంత సులువైతే మోసగాళ్లకీ సులువే కదా? ఎవరో 'ఇక నా అడ్రసు ఇది' అంటూ వేరొకరి అడ్రసు ఇచ్చి, వాళ్ల మీదికి డేటా వరద మళ్లించవచ్చు. అందుకే సర్వర్ కొత్త అడ్రసుకి ఊహించడానికి వీల్లేని ఒక సంఖ్య పంపి, అది తిరిగొచ్చాకే పూర్తిగా నమ్ముతుంది. ఇంకో జాగ్రత్త నాకు మరీ నచ్చింది. ఒకే గుర్తింపు సంఖ్య ఇంట్లోనూ వీధిలోనూ కనబడితే, దారిలో కాపు కాసినవాడికి మన రాకపోకలన్నీ తెలిసిపోతాయి. అందుకని ఫోన్, సర్వర్ ముందే రహస్యంగా కొన్ని సంఖ్యలు పంచుకుని, దారి మారినప్పుడు కొత్తది తీస్తాయి. తెగకుండా ఉండాలి, కానీ వెంటాడే వీలుండకూడదు అని ప్రమాణం రాసినవాళ్లు పట్టుబట్టడం చిన్న సంగతి కాదు.

అయినా క్విక్ వాడే ప్రతి సర్వరూ ఈ సౌకర్యం ఇవ్వదు. పెద్ద సైట్ల వెనక అనేక యంత్రాలుంటాయి. అడ్రసు మారిన డేటా వేరే యంత్రానికి పోతే దానికి మన సంభాషణ ఊసే తెలియదు. కొన్ని ఆఫీసుల ఫైర్‌వాల్స్ క్విక్‌ని అసలు రానివ్వవు. అప్పుడు బ్రౌజర్ మళ్లీ పాత టీసీపీకే తిరిగిపోతుంది.

అలాంటప్పుడు కనెక్షన్ తెగినా పని చెడకుండా చూడటం యాప్ తయారుచేసేవాళ్ల చేతిలో ఉంది. సినిమా చూపించే యాప్‌లు వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా ముందే తెచ్చిపెట్టుకుంటాయి కాబట్టి మధ్యలో దారి మారినా మనకి తెలియదు. మరి ఉద్యోగ దరఖాస్తులు, స్కాలర్‌షిప్ ఫారాలు? అడ్రసు మారగానే లాగౌట్ చేసేసి, నింపినదంతా తుడిచేసే సైట్లు ఇప్పటికీ ఉన్నాయి. భద్రత కోసమంటారు. తిరిగే ఫోనే ఏకైక కంప్యూటరైన పిల్లలకి ఆ భద్రత శిక్షే అవుతుంది. ఒక్కో పేజీ నింపగానే భద్రపరచి, మళ్లీ లాగిన్ అయ్యాక అక్కడి నుంచే కొనసాగించనివ్వడం ఎప్పట్నుంచో అందరికీ తెలిసిన పద్ధతే. ఆ పని చెయ్యని సైటు గురించి ఫిర్యాదు చేసేటప్పుడు 'మా దగ్గర సిగ్నల్ బాగాలేదు' అని మొదలుపెట్టకండి. తప్పు సైటుదని, నింపినది భద్రపరచడం లేదని రాయండి.