పెరుగుముంతయు మనోవ్యాధియు

పరీక్షకు బయలుదేరు పిల్లవానికి కడుపునొప్పి వచ్చుటయు, దుర్వార్త విన్న యింట అన్నము సహింపకుండుటయు మీరెఱిగినవే. మనస్సు కడుపును కలచుచున్నది గదా. కడుపు సైతము మనస్సును మార్చగలదా యని నేటి శాస్త్రజ్ఞులు శోధించుచున్నారు.

మన ప్రేగులలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసించుచున్నవి. మెదడునుండి కడుపువఱకు వేగస్ అను నాడి యొకటి కలదు. ఆ నాడి మూలమునను, రక్తమున కలియు రసాయనముల మూలమునను ప్రేగులకును మెదడునకును వార్తలు నడచుచుండును. 2004లో జపానునందలి క్యుషూ విశ్వవిద్యాలయమువారు, సూక్ష్మజీవులు బొత్తిగా లేకుండ పెంచిన యెలుకలు ఒత్తిడికి లోనైనపుడు తక్కినవానికంటె నెక్కువ కలతచెందుట కనుగొనిరి. 2011లో ఐర్లండునందలి కార్కు నగరమున, ఒక రకపు లాక్టోబాసిల్లస్‌ను మేపిన యెలుకలకు బెదురు తగ్గినది. వేగస్ నాడిని త్రెంచినవానికి ఆ ఫలము కలుగలేదు.

2013లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమున 36 మంది స్త్రీలపై పరీక్ష జరిగినది. నాలుగు వారములు సూక్ష్మజీవులు గల పులిసిన పాలు పుచ్చుకొన్నవారి మెదడు, భయకోపములు గల ముఖచిత్రములను చూచునపుడు పనిచేయు తీరు కొంత మారినది. అయితే వారందఱును ఆరోగ్యవంతులే గాని మనోవ్యాధిగ్రస్తులు కారు.

కావున పెరుగు మనోవ్యాధికి మందని చెప్పుట తొందరపాటు. పరీక్షింపబడినవి ఏరి తీసిన రకములు; మన తోడుచుక్కలోని సూక్ష్మజీవులు ఇంటింటికిని మాఱుచుండును. మజ్జిగపులుసు కాచినను, పులిసిన పిండితో ఇడ్డెనలు వండినను, ఆ వేడికి అవి నశించును. అయినను చల్లని మజ్జిగయు, ఆకుకూరలును, పప్పుధాన్యములును ఒంటికి మంచివే, మానవలదు.

మేము ముఖ్యముగా చెప్పదలచిన దిది. కోడలో, కూతురో, బాలింతరాలో రెండు వారములకు మించి దిగులుతో నుండి, నిద్రాహారములు తప్పి, బిడ్డపైనను ఆసక్తి లేక యున్నచో, దానిని సోమరితన మనకుడు. "వేడి చేసినది, పెరుగన్నము తినుము" అని సరిపెట్టకుడు. అది వ్యాధి, దానికి చికిత్స కలదు. వైద్యు డిచ్చిన మందులను పెరుగును నమ్మి మానిపింపకుడు. ప్రాణముపై విరక్తి మాటలు వినబడినచో ఒంటరిగా విడువక, ఆ దినముననే వైద్యుని కడకు గొనిపొండు. భారత ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీమానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేసినచో, ఏ వేళనైనను ఉచితముగా సలహా లభించును.