పుట్టిల్లు లేని కారు

పిల్లకు సంబంధం వెతకడం కష్టమంటారు. ఆ పని ఇంకా నా నెత్తిన పడలేదు. కాని పాత కారుకు నమ్మకమైన మెకానిక్కును వెతకడంలో నేను తిన్న ఢక్కామొక్కీలు చూస్తే, మా అమ్మాయి పెళ్ళి నాకు సులువుగానే తోచవచ్చు.

మాది స్టాండర్డు హెరాల్డు. ఇప్పటి కుర్రకారుకు ఆ పేరే తెలియదు. ఇంగ్లండులోని ట్రయంఫ్ హెరాల్డు నమూనా తీసుకుని, 1961 నుంచి మద్రాసులో తయారుచేశారు. ఆ రోజుల్లో మన దేశంలో కారు కొనదలచినవాడి ముందు అంబాసిడరు, ఫియట్, ఇది - ముఖ్యంగా ఈ మూడే ఉండేవి. బానెట్టు ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందుకు ఒరిగిపోయి, ఇంజను మొత్తం పళ్ళెంలో పెట్టినట్టు కనిపిస్తుంది. నాలుగు సిలిండర్లు, 948 సి.సి. డెబ్బయ్యవ దశకం మొదట్లో దీని తయారీ ఆగింది. 1980ల చివరికి కంపెనీయే మూతపడింది. అంటే మా ఇంట ఉన్నది పుట్టిల్లు లేని కోడలన్నమాట.

నాన్నగారు ప్లీడరు. 1978లో దీన్ని పాతదిగానే కొన్నారు. నరసరావుపేట నుంచి గురజాల కోర్టుకు, మాచర్లకు, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు - అన్నిటికీ ఇదే వాహనం. ఆయన పోయాక తాళాలు నాకు వచ్చాయి గాని, ఆయనకున్న ఒడుపు రాలేదు.

రెండేళ్ళ క్రిందట వేసవిలో మాచర్ల నుంచి అమ్మను తీసుకువస్తూ ఉండగా, పిడుగురాళ్ళ దాటగానే వేడి ముల్లు పైకెక్కింది. వెనుక గొట్టం నుంచి తెల్లటి పొగ. సున్నపు బట్టీల ఊరు గదా, ఆ పొగేమోననుకున్నాను. కాదు, మాదే. ఎండలో చింతచెట్టు క్రింద కూర్చుని అమ్మ ఒక్కమాటే అంది: "మీ నాన్న ఉండగా ఒక్కనాడూ దారిలో ఆగలేదురా." అందులో నిష్ఠూరం లేదు. లేకపోవడమే నన్ను బాధించింది.

ఇక వైద్యుల వేట. పట్నంలో అద్దాల గది ఉన్న ఒకచోట కుర్రవాడు కంప్యూటరు తీగ పట్టుకుని, అది తగిలించే రంధ్రం కోసం కారంతా వెతికాడు. ఈ కారు పుట్టేనాటికి కార్లలో అలాంటివి లేవని చెబితే, నన్ను జాలిగా చూశాడు. రెండో ఆయన మూత కూడా విప్పకుండానే, "బ్లాకు పగిలిందండీ. వ్యాను ఇంజను వేసేద్దాం, అరవై వేలు. పాతది మాకు వదిలెయ్యండి" అన్నాడు. మూడో ఆయన రెండు నెలలుంచుకుని, అలాగే తిప్పి పంపాడు. ఇంటికొచ్చాక చూసుకుంటే మా కార్బురేటరు స్థానంలో మరేదో కూర్చుని ఉంది!

రిజిస్ట్రేషను గడువు దగ్గర పడుతోంది. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకొకసారి తిరిగి చేయించాలి. దానికి కారు నడవాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండ్లను 'వింటేజి' కింద నమోదు చేయించుకోవచ్చు. కాని ఛాసీ, బాడీ, ఇంజను అసలువిగా ఉండాలి. పైగా అలా చేయిస్తే రోజువారీ పనులకు రోడ్డెక్కకూడదు. మా ఆవిడ లెక్కలు వేసి, "అమ్మేద్దామండీ" అంది. నేను కాదనలేదు. ఒక కొనుగోలుదారు వచ్చి చూసి కూడా వెళ్ళాడు.

ఆ వారంలోనే నా విద్యార్థి ఒకడు, "మాష్టారూ, మా ట్రాక్టరు చూసే సాయిబుగారికి ఒకసారి చూపించండి" అన్నాడు. కావ్యాలు చెప్పే నాకు శిష్యుడి ఉపదేశం! వినుకొండ రోడ్డు పక్క రేకుల షెడ్డు. చుట్టూ ఆయిలింజన్లు, ట్రాక్టరు చక్రాలు. సాయిబుగారికి డెబ్బై దాటాయి.

ఆయన కారును చూడకముందు నన్ను చూశాడు. "నీళ్ళు ఎన్నాళ్ళకోసారి తగ్గేవి మాష్టారూ? ఆయిలు మీగడలా తెల్లబడిందా?" అని అడిగాడు. ప్లగ్గులు విప్పి వరసగా పేర్చాడు. ఒకటీ నాలుగూ మసిబారి ఉన్నాయి. రెండూ మూడూ కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. కంప్రెషను చూస్తే ఆ రెండిట్లోనే తక్కువ. "ఆ రెంటికీ నడుమ గాస్కెట్టు కాలింది. బ్లాకు సంగతి మీ ఎదుటే చూద్దాం" అన్నాడు.

హెడ్డు విప్పాడు. బ్లాకుకు కిరసనాయిలు పూసి, కాసేపు నాననిచ్చి, పొడిగా తుడిచి, సుద్ద రాశాడు. పగులుంటే అందులో దాగిన కిరసనాయిలు సుద్దమీద గీతలా తేలుతుందట. రోజూ బ్లాక్‌బోర్డు మీద సుద్దతో గీసే నేను, గీత రాకూడదని దేవుణ్ణి వేడుకోవడం అదే మొదటిసారి. అరగంట చూశాం. రాలేదు.

హెడ్డు మాత్రం వేడికి కాస్త వంగింది. గుంటూరులో సాపు చేయించాడు. వాల్వులు కూర్చునే చోట్లు అరిగి ఉన్నాయి. పూర్వం పెట్రోలులోని సీసం వాటిని అరగకుండా కాపాడేది. 2000 నుంచి దేశమంతటా సీసంలేని పెట్రోలే గనుక, అక్కడ గట్టి ఉక్కు రింగులు వేయించాడు. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుస్తుంది, అది పాతరకం రబ్బరును తినేస్తుందని గొట్టాలూ మార్చాడు. ఇంగ్లండులో ట్రయంఫ్ కార్ల సామాను అమ్మే దుకాణాలు నేటికీ ఉన్నాయి. గాస్కెట్టు అక్కడి నుంచి తెప్పించాను.

నాకు ఆయనమీద గురి కుదిరింది మాత్రం వీటివల్ల కాదు. కార్బురేటరు సంగతి ఎత్తితే, "అది నాకు సరిగా రాదు మాష్టారూ. డీజిలు మనిషిని. బెజవాడ ఆటోనగరులో చూపించుకోండి" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. తెలియని పద్యం ఎదురైతే తరగతిలో అంత తేలికగా ఒప్పుకున్నానా అంటే, చెప్పలేను.

కూలి నాలుగు వేలు పుచ్చుకున్నాడు. తీసేసిన సామానంతా గుడ్డలో మూటకట్టి, "ఇవి మీవి" అని చేతికిచ్చాడు. రిజిస్ట్రేషను అయిపోయింది. కొనుగోలుదారుకు కబురు పంపేశాం.

అయిదువందల కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ బిగించాలన్నాడు. అదీ తెల్లవారగానే, ఇంజను చల్లగా ఉండగా. నడుపుకు వెడితే వేడెక్కుతుంది గదా! అందుకని ముందురాత్రే షెడ్డులో వదిలి, నడిచి ఇంటికొచ్చాను. అమ్మ ఇంకా మేలుకునే ఉంది.

"కారేదిరా?"

"సాయిబుగారి దగ్గర ఉంచి వచ్చానమ్మా."

"సరే, లైటు తీసెయ్యి" అని అటు తిరిగి పడుకుంది.