ఆఫ్రికాదేశాలతో చైనా సైనిక, భద్రతా సంబంధాలు: జోక్యరాహిత్యసూత్రం - ఆచరణ

వ్యాససంగ్రహం

ఇతర దేశాల అంతర్గత వ్యవహారాలలో జోక్యం చేసుకోకపోవడం తన విదేశాంగవిధానానికి మూలసూత్రమని చైనా చెబుతుంది. అయినా 2008 నుండి ఆఫ్రికాలో ఆ దేశపు యుద్ధనౌకలు, శాంతిపరిరక్షక దళాలు, సైనిక శిక్షణ, ఆయుధ విక్రయాలు పెరుగుతూ వచ్చాయి. ఈ పెరుగుదలకు కారణాలేమిటో, మూలసూత్రానికి చైనా ఆచరణలో ఏ అర్థం చెప్పుకుంటున్నదో, ఆ అర్థం వల్ల ఆఫ్రికా ప్రజలకు కలుగుతున్న ఫలితమేమిటో లిబియా, దక్షిణ సూడాన్, జిబూతీ ఉదాహరణల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: చైనా, ఆఫ్రికా, జోక్యరాహిత్యం, శాంతిపరిరక్షణ, దక్షిణ సూడాన్, జిబూతీ, ఆయుధవ్యాపారం.

ఉపోద్ఘాతం

1954 ఏప్రిల్ 29న టిబెట్ వాణిజ్యం విషయమై భారత్, చైనాలు చేసుకున్న ఒప్పందపు పీఠికలో పంచశీల సూత్రాలు చోటుచేసుకున్నాయి. పరస్పర అంతర్గత వ్యవహారాలలో జోక్యం చేసుకోకపోవడం వాటిలో మూడవది. మరుసటి సంవత్సరం బాండుంగ్ సదస్సు ద్వారా ఈ భావన ఆసియా, ఆఫ్రికా దేశాలన్నింటికీ పరిచయమైంది. వలసపాలన నుండి అప్పుడే బయటపడుతున్న ఆఫ్రికాదేశాలకు ఇది ఎంతో ఊరటనిచ్చిన మాట. నాటి నుండి నేటి వరకు ఆఫ్రికా గురించి చైనా విడుదల చేసిన పత్రాలలో ఈ సూత్రం తప్పక కనిపిస్తుంది.

అయితే ఆచరణలో ఈ సూత్రం ఏనాడూ నిరపేక్షంగా లేదు. 1960, 70 దశకాలలో ఆఫ్రికా ఖండపు దక్షిణభాగంలోని విమోచనోద్యమాలకు చైనా ఆయుధాలిచ్చింది, శిక్షణనిచ్చింది. టాంజానియాలోని శిబిరాలలో చైనా శిక్షకులు జింబాబ్వే, మొజాంబిక్ గెరిల్లాలకు యుద్ధవిద్య నేర్పారు. జింబాబ్వే అధ్యక్షుడు ఎమర్సన్ మ్నంగాగ్వా, ఎరిత్రియా అధ్యక్షుడు ఇసయాస్ అఫ్వెర్కీ యౌవనంలో చైనాలో శిక్షణ పొందినవారే. వలసప్రభుత్వం న్యాయబద్ధమైనది కాదు గనుక దానిపై పోరాడేవారికి తోడ్పడటం జోక్యం కాదని నాటి వాదన. నేడు అధికారంలో ఉన్న ప్రభుత్వం కోరితే సాయపడటం జోక్యం కాదన్నది వాదన. సూత్రం మారలేదు. ఎవరి పక్షాన నిలబడాలన్నదే మారింది.

పెట్టుబడి వెంట నడిచిన సైన్యం

మావో యుగం తరువాత చైనా ఆఫ్రికాపై సైనికంగా అంత ఆసక్తి చూపలేదు. 1990లలో చైనా ప్రభుత్వరంగ సంస్థలు చమురు, ఖనిజాలు, నిర్మాణరంగం కోసం ఆఫ్రికాకు వెళ్ళాయి. వారితో లక్షలాది కార్మికులు, ఇంజనీర్లు, చిల్లర వర్తకులు వెళ్ళారు. పాశ్చాత్య కంపెనీలు వెనుకాడిన చోట్లకు సైతం చైనా కంపెనీలు వెళ్ళడంతో ప్రమాదం కూడా వారి పాలబడింది. 2007 ఏప్రిల్‌లో ఇథియోపియాలోని ఒగాడెన్ ప్రాంతంలో చమురు అన్వేషణ శిబిరంపై తిరుగుబాటుదారులు దాడి చేసి తొమ్మిదిమంది చైనీయులను చంపారు. అపహరణలు, దోపిడీలు ఆ తరువాత తరచుగా వినిపించాయి.

2008 డిసెంబరు 26న రెండు విధ్వంసకనౌకలు, ఒక సరఫరానౌక హైనాన్ ద్వీపం నుండి సోమాలియా తీరం వైపు బయలుదేరాయి. ఓడదొంగల నుండి వాణిజ్యనౌకలను కాపాడటం వాటి పని. భద్రతామండలి తీర్మానాలు ఇందుకు అనుమతించాయి. సోమాలియా తాత్కాలిక ప్రభుత్వం కూడా సమ్మతించింది. భారత నౌకాదళం అంతకు రెండు నెలల ముందే అదే పనికి ఎడెన్ సింధుశాఖలో ప్రవేశించింది. కాబట్టి ఆ ప్రయాణాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. కానీ ఓడదొంగల బెడద తగ్గిన తరువాత కూడా చైనా నౌకాబృందాలు వంతులవారీగా అక్కడికి వస్తూనే ఉన్నాయి. స్వదేశీతీరానికి వేల కిలోమీటర్ల దూరంలో నెలల తరబడి నౌకలను నడపడం చైనా నౌకాదళం నేర్చుకున్నది ఈ జలాలలోనే.

అసలు మలుపు లిబియాలో వచ్చింది. 2011 ఫిబ్రవరిలో గడాఫీపై తిరుగుబాటు మొదలైనప్పుడు అక్కడ 35,000 మందికి పైగా చైనీయులు పనిచేస్తున్నారు. చైనా కంపెనీలు కుదుర్చుకున్న నిర్మాణ ఒప్పందాల విలువ సుమారు 1,880 కోట్ల డాలర్లు. కొన్ని వర్క్‌సైట్లు లూటీ అయ్యాయి. పదిరోజులు గడిచేసరికి విమానాలలో, అద్దె ఓడలలో, బస్సులలో తన పౌరులందరినీ చైనా తరలించింది. ఎడెన్ సింధుశాఖలో ఉన్న యుద్ధనౌక షుజౌను మధ్యధరా సముద్రానికి పంపింది. నాలుగు సైనిక రవాణా విమానాలను కూడా పంపింది. అయినా ఆ తరలింపులో సింహభాగం మోసినవి గ్రీసు, మాల్టా, ఈజిప్టుల వంటి దేశాల నుండి సమకూర్చుకున్న పౌర ఓడలు, విమానాలే. దగ్గరలో ఒక రేవు, ఒక గిడ్డంగి లేకపోవడం ఎంత ఇబ్బందో చైనా సైన్యాధికారులకు ఆ వారం తెలిసివచ్చింది. స్వదేశంలోనూ ప్రజల అంచనాలు పెరిగాయి. ఆఫ్రికాలో చిక్కుకున్న చైనీయులను ఒక మాజీ సైనికుడు రక్షించే కథతో 2017లో వచ్చిన ‘వుల్ఫ్ వారియర్ 2’ చిత్రం చైనా పాస్‌పోర్టు దృశ్యంతో ముగుస్తుంది. ఆ చిత్రానికి లభించిన ఆదరణ ఈ అంచనాలకు అద్దంపడుతుంది.

దక్షిణ సూడాన్: సూత్రానికి పరీక్ష

చైనా విధానంలోని చిక్కులన్నీ ఒకేచోట కనిపించేది దక్షిణ సూడాన్‌లో. 1990లలో సూడాన్ చమురు పరిశ్రమను నిలబెట్టినది ప్రధానంగా చైనా జాతీయ పెట్రోలియం సంస్థ. గ్రేటర్ నైల్ సంస్థలో దానికి 40 శాతం, మలేసియాకు చెందిన పెట్రోనాస్‌కు 30 శాతం, భారతదేశపు ఓఎన్‌జీసీ విదేశ్‌కు 25 శాతం వాటా ఉండేది. చమురు ప్రాంతం చాలావరకు దక్షిణాన, గొట్టపుమార్గం, రేవు ఉత్తరాన. 2011 జూలై 9న దక్షిణ సూడాన్ స్వతంత్రమైనప్పుడు, దశాబ్దం పాటు ఖార్టూమ్ ప్రభుత్వానికి అండగా నిలిచిన చైనా, నిన్నటి తిరుగుబాటుదారులతో కొత్తగా పరిచయం చేసుకోవలసి వచ్చింది. వారు సులభంగా లొంగలేదు. 2012 జనవరిలో రవాణా రుసుము వివాదంతో చమురు ఉత్పత్తినే నిలిపివేశారు. తరువాతి నెలలో పెట్రోడార్ సంస్థ అధిపతిగా ఉన్న చైనీయుడిని దేశం నుండి పంపివేశారు.

2013 డిసెంబరులో అధ్యక్షుడు సాల్వా కీర్, మాజీ ఉపాధ్యక్షుడు రియెక్ మచార్ వర్గాల మధ్య అంతర్యుద్ధం చెలరేగింది. అప్పుడు చైనా మూడు పనులు చేసింది. అవి ఒకదానికొకటి పొసగవు.

మొదటిది మధ్యవర్తిత్వం. ఇరుపక్షాలతో చైనా దూతలు మాట్లాడారు. 2015 జనవరిలో విదేశాంగమంత్రి వాంగ్ యీ ఖార్టూమ్‌లో స్వయంగా సంప్రదింపులు నిర్వహించారు. ఒక దేశపు అంతర్యుద్ధంలో పక్షాలను కూర్చోబెట్టి మాట్లాడించడాన్ని పాత అర్థంలో జోక్యమనే అనాలి. రెండవది శాంతిపరిరక్షణ. 2014 మే నెలలో భద్రతామండలి ఆమోదించిన 2155వ తీర్మానం పౌరుల రక్షణలో భాగంగా చమురు కేంద్రాలను కూడా పేర్కొంది. ఆ తరువాత చైనా 700 మందితో ఒక పదాతిదళాన్ని అక్కడికి పంపింది. అంతకుముందు చైనా పంపినవారిలో ఇంజనీర్లు, వైద్యులు, రవాణా సిబ్బందే ఎక్కువ. 2013లో మాలీకి ఒక చిన్న రక్షకదళం వెళ్ళినా, సమితి పతాకం కింద చైనా పూర్తిస్థాయి పదాతిదళాన్ని మోహరించడం ఇదే ప్రథమం. మూడవది ఆయుధ విక్రయం. 2014 జూలైలో చైనా ప్రభుత్వసంస్థ నోరింకో జూబా ప్రభుత్వానికి సుమారు 2 కోట్ల డాలర్ల విలువైన తుపాకులను, తూటాలను, ట్యాంకు విధ్వంసక క్షిపణులను చేరవేసింది. ఒప్పందం ముందే కుదిరినదనీ, ఆ కాలానికి ఆయుధ నిషేధం లేదనీ సమర్థించుకోవచ్చు. విమర్శలు వచ్చిన పిదప చైనా మిగిలిన సరఫరాను ఆపివేసింది. అయినా శాంతిని కాపాడటానికి సైనికులను పంపుతున్న రాజ్యమే యుద్ధంలోని ఒక పక్షానికి తూటాలమ్మిందన్న వాస్తవం చెరిగిపోదు.

ఫలితం 2016 జూలైలో తెలిసింది. జూబాలో మళ్ళీ పోరాటం మొదలై, నిరాశ్రయుల శిబిరం దగ్గర చైనా సాయుధవాహనంపై రాకెట్ గ్రెనేడ్ పడి ఇద్దరు చైనా సైనికులు మరణించారు. ఆ రోజులలో పౌరులపై హత్యలు, అత్యాచారాలు జరుగుతుండగా సమితి దళాలు కదలలేదన్న ఆరోపణపై విశ్రాంత డచ్ సేనాని పాట్రిక్ కామర్ట్ విచారణ జరిపారు. చైనా దళం కొన్ని రక్షణస్థానాలను వదలి వెళ్ళిందని ఆ నివేదిక చెప్పింది. ఆ విమర్శను చైనా అంగీకరించలేదు. నివేదిక తప్పుపట్టినది చైనాను ఒక్కదానినే కాదు. చైనా, ఇథియోపియా, నేపాల్, భారత దళాల నడుమ ఏకీకృత నాయకత్వం కొరవడిందని కూడా చెప్పింది. సాయుధ శాంతిపరిరక్షణలో ప్రాణనష్టం తప్పదని, దానికి సమాధానం చెప్పుకోవలసింది దళాలను పంపిన రాజ్యమేనని చైనాకు అనుభవమైన సందర్భమిది. 2018 జూలైలో దక్షిణ సూడాన్‌పై ఆయుధ నిషేధం ఓటింగుకు వచ్చినప్పుడు చైనా వీటో వాడలేదు, సమర్థించనూ లేదు. తటస్థంగా ఉండిపోయింది.

జిబూతీ స్థావరం

సూడాన్‌లు, ఇథియోపియా, సోమాలియాల ఈ ప్రాంతానికి సముద్రద్వారం జిబూతీ. ఎర్రసముద్రాన్ని ఎడెన్ సింధుశాఖతో కలిపే బాబ్-ఎల్-మండెబ్ జలసంధి ఒడ్డున ఉన్న ఈ చిన్న దేశం తన భౌగోళికస్థానాన్నే ఆదాయవనరుగా మలచుకుంది. ఫ్రాన్సు, అమెరికా, జపాన్, ఇటలీ సేనలు అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. 2015లో యెమెన్ యుద్ధం నుండి భారతీయులను తరలించిన ‘ఆపరేషన్ రాహత్’లో ఓడలెక్కినవారు మొదట దిగినది జిబూతీలోనే. అదే వారాలలో చైనా యుద్ధనౌకలు కూడా తమ పౌరులతోపాటు కొందరు విదేశీయులను యెమెన్ నుండి తరలించాయి.

2017 ఆగస్టు 1న, అంటే సైన్యస్థాపనకు 90 ఏళ్ళు నిండిన రోజున, చైనా అక్కడ తన తొలి విదేశీ స్థావరాన్ని ప్రారంభించింది. విదేశాలలో స్థావరాలు పెట్టబోమని అనేక ఏళ్ళు చెప్పిన చైనా దానిని ‘సహాయక స్థావరం’ అంటుంది. నౌకలకు ఇంధనం, ఆహారం అందించడం, సిబ్బందికి విశ్రాంతి కల్పించడం దాని పనులుగా చూపుతుంది. ఈ మాటలో అసత్యం లేదు గాని అదే పూర్తి సత్యమూ కాదు. కొన్ని నెలలు తిరిగేసరికి ఆ స్థావరపు సైనికులు సాయుధవాహనాలతో తుపాకీ కాల్పుల విన్యాసాలు చేశారు. తరువాత నిర్మించిన నౌకాఘట్టం విమానవాహక నౌక నిలవడానికి సరిపోతుందని 2021లో అమెరికా సేనాని ప్రకటించారు. రక్షణ లేని గిడ్డంగి యుద్ధకాలంలో పనికిరాదు. రక్షణ ఉన్న గిడ్డంగికి స్థావరమనే పేరు. అంతకుముందే, 2015 డిసెంబరులో చేసిన ఉగ్రవాద నిరోధక చట్టంలోని 71వ అధికరణం సంబంధిత దేశపు సమ్మతితో సైన్యాన్ని విదేశాలకు పంపడానికి మార్గం ఏర్పరచింది. ఇక్కడ కూడా ‘సమ్మతి’ అన్న పదమే కీలకం. ఆ సమ్మతి ఇచ్చేది ప్రభుత్వం, ప్రజలు కాదు.

ఆయుధాలు, శిక్షణ: లబ్ధి ఎవరికి?

స్టాక్‌హోమ్ అంతర్జాతీయ శాంతి పరిశోధనసంస్థ లెక్కల ప్రకారం 2019-23 కాలంలో సహారాకు దక్షిణాన ఉన్న దేశాల ప్రధాన ఆయుధ దిగుమతులలో చైనా వాటా 19 శాతం. రష్యాది 17 శాతం. సాయుధవాహనాలు, శిక్షణవిమానాలు, గస్తీనౌకలు, డ్రోన్లు చవకగా, త్వరగా, రాజకీయ షరతులు లేకుండా దొరకడం వల్ల చైనా సరుకుకు గిరాకీ ఉంది. షరతులు లేకపోవడాన్ని ఆఫ్రికా నాయకులు గౌరవంగా భావిస్తారు. పాశ్చాత్య దేశాలు మానవహక్కుల షరతులను తమకు అనుకూలమైన చోట మరచిపోవడం వారు ఎరుగుదురు కనుక ఆ భావన అకారణమైనది కాదు. కాని ఆ తుపాకుల గురి ఎటువైపన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఆ ప్రశ్నను 2008 ఏప్రిల్‌లో డర్బన్ రేవు కార్మికులు అడిగారు. జింబాబ్వే ఎన్నికల ఫలితాలపై వివాదం నడుస్తుండగా, ఆ దేశ సైన్యం కోసం తూటాలు, మోర్టార్ గుండ్లు మోసుకుని ‘ఆన్ యూ జియాంగ్’ అనే చైనా ఓడ డర్బన్ చేరింది. అవి తోటి ఆఫ్రికన్లపైనే ప్రయోగించబడతాయన్న శంకతో కార్మికసంఘం ఆ సరుకు దించడానికి నిరాకరించింది. న్యాయస్థానం రవాణాను నిలిపివేస్తూ ఆదేశమిచ్చింది. ఓడ రేవు విడిచి వెళ్ళిపోయింది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం అభ్యంతరం చెప్పని వ్యవహారాన్ని కూలీలు ఆపగలిగారు.

ఆయుధాలకన్నా దీర్ఘకాలం పనిచేసేది శిక్షణ. 2024 సెప్టెంబరులో బీజింగ్‌లో జరిగిన చైనా-ఆఫ్రికా సహకారవేదిక సదస్సులో మూడేళ్ళకు 36,000 కోట్ల యువాన్ల ఆర్థిక తోడ్పాటు ప్రకటించిన చైనా, దానితోపాటు 100 కోట్ల యువాన్ల సైనికసాయం, 6,000 మంది సైనికులకు, 1,000 మంది పోలీసులకు శిక్షణ ఇస్తామని చెప్పింది. మొత్తంతో పోల్చితే సైనికసాయం స్వల్పమే. కాని చైనా సైనికవిద్యలో తుపాకీ పార్టీ ఆజ్ఞకు లోబడాలన్న సిద్ధాంతం అంతర్భాగం. చైనాలో సైన్యం రాజ్యానిది కాదు, పార్టీది. పలు పార్టీలు పోటీపడే దేశాలకు ఈ పాఠంతో తిరిగి వెళ్ళే అధికారి ఎన్నికలలో ఓడిన పాలకపక్షం పట్ల ఎలా ప్రవర్తిస్తాడన్నది చిన్న విషయం కాదు.

జోక్యరాహిత్యపు హద్దు: నైజర్

ఫ్రెంచి సేనలు 2022లో మాలీ నుండి, 2023లో బుర్కినా ఫాసో, నైజర్‌ల నుండి నిష్క్రమించాయి. ఆ ఖాళీలోకి రష్యా కిరాయి సైనికులు వచ్చారు గాని చైనా సేనలు రాలేదు. ఆఫ్రికా యుద్ధాలలో దిగడం చైనాకు ఇష్టం లేదనడానికి ఇది బలమైన నిదర్శనం. చైనా కోరేది తన పనులు సాగనిచ్చే ప్రభుత్వం. దానికి కాపలా ఖర్చు ఆ ప్రభుత్వమే భరించాలి.

నైజర్‌లోని అగాదెమ్ చమురుక్షేత్రం నుండి బెనిన్ తీరానికి సుమారు 2,000 కిలోమీటర్ల గొట్టపుమార్గాన్ని చైనా జాతీయ పెట్రోలియం సంస్థ నిర్మించింది. 2023 జూలైలో ఎన్నికైన అధ్యక్షుడిని సైన్యం కూలదోసినా చైనా పని ఆపలేదు. 2024లో సైనిక ప్రభుత్వానికి చమురుపై 40 కోట్ల డాలర్లు ముందుగానే ఇచ్చింది. ఆ జూన్‌లో పదవీచ్యుతుడైన అధ్యక్షుడిని విడుదల చేయాలని కోరే ఒక సాయుధముఠా ఆ మార్గాన్ని దెబ్బతీసినట్లు ప్రకటించుకుంది. ఆ ముఠా దృష్టిలో గొట్టపుమార్గం వాణిజ్యం కాదు, సైనికపాలకులను నిలబెట్టే ఊతం. 2025 మార్చిలో ఆ పాలకులే స్థానిక ఉద్యోగుల జీతాలు తక్కువగా ఉన్నాయన్న ఆరోపణపై ముగ్గురు చైనా చమురు అధికారులను దేశం విడిచి వెళ్ళమన్నారు.