పలుకని పుస్తకము: నోట్సు యాప్ ఏల స్తంభించును?

పదవ తరగతికి భౌతికశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడొకడు తన పాఠములన్నియు ఫోనులోని నోట్సు యాప్‌లో వ్రాసికొనుచున్నాడనుకొందము. మూడు సంవత్సరముల పాఠప్రణాళికలు, ప్రయోగముల కొలతలు, నల్లబల్ల మీది పటముల ఫొటోలు అన్నియు అందే కలవు. ఒకనాడు గంట మ్రోగుటకు పది నిమిషములు ముందుగా, వ్రాయుచుండగనే తెర బిగుసుకొనిపోయెను. వ్రేలితో తాకినను చలనము లేదు. మీట నొక్కినను అక్షరము పడదు. ప్రక్కనున్న మిత్రుడు, “యాప్ తీసేసి మళ్ళీ వేసుకోండి మాస్టారూ, అదే సరిపోతుంది” అనెను.

ఆ సలహా మంచిదేనా? ఇది తెలియవలెనన్న, యాప్ స్తంభించుట యనగానేమో ముందుగా తెలిసికొనవలెను.

ఒకే గుమాస్తా

ఒక చిన్న రైల్వే స్టేషనులో టికెట్ల కిటికీ ఒకటే యున్నది. అచ్చట గుమాస్తా ఒక్కడే. వచ్చినవారు వరుసలో నిలిచియుందురు. ఆ గుమాస్తా ఏదో పాత చిట్టా వెదకుటకు లోనికి పోయినచో, కిటికీ తెరచియే యుండును, దీపము వెలుగుచునే యుండును; కాని పిలిచినవారికి పలుకువారుండరు. వరుస పెరుగుచుండును.

యాప్‌లోను ఇట్టి గుమాస్తా కలడు. ఇంజనీర్లు దీనిని మెయిన్ థ్రెడ్ అందురు. తెరను గీయుట, వ్రేలి తాకిడిని గ్రహించుట, అక్షరమును చూపుట ఈ మూడును దీని పనులే. సాధారణమైన తెర సెకనుకు 60 సార్లు క్రొత్తగా గీయబడును. అనగా ఒక్కొక్క మారునకు దొరకు కాలము సెకనులో వేయింట సుమారు 17 వంతులు మాత్రమే. పెద్ద పనులను వేరు థ్రెడ్లకు అప్పగించుట మంచి పద్ధతి. అట్లుగాక ఫైలు చదువుట, ఫొటోను విప్పుట, వేలకొలది నోట్సులలో ఒక మాటను వెదకుట వంటివి ఈ గుమాస్తా నెత్తిననే పడినచో, తెర కదలదు.

ఆలస్యమా, ప్రతిష్టంభనా?

స్తంభనము రెండు విధములు. మొదటిది ఆలస్యము. పని పెద్దది, కాని కొంతసేపటికి ముగియును. రెండవది ప్రతిష్టంభనము. ఇరుకైన చేనిగట్టు మీద రెండు బండ్లు ఎదురుపడి, “నీవు వెనుకకు పో” అని ఒకదానికై ఒకటి నిలిచిపోయినట్లు, రెండు థ్రెడ్లు ఒకదాని వద్దనున్న దానికై మరియొకటి వేచియుండును. ఇది ఎంతసేపు చూచినను విడదు.

ఈ రెంటిని బయటినుండి వేరుపరచుట ఎట్లు? ఏ ప్రోగ్రామునైనను పరీక్షించి, అది ఎప్పటికైనను ఆగునా, ఎన్నటికిని ఆగదా యని తప్పక తేల్చగల సాధారణ పద్ధతి లేదని 1936లో ఆలన్ ట్యూరింగ్ చేసిన పరిశోధనవలన తేలినది. కావున ఫోను నిజమును తేల్చబూనక, కాలమును కొలుచును. ఆండ్రాయిడ్ ఫోనులో తాకిడికి 5 సెకనులలో యాప్ బదులు పలుకనిచో, “స్పందించుట లేదు” అను ప్రకటన కనబడును. వేచియుండుటా, మూసివేయుటా యను నిర్ణయము మనకే విడువబడును.

బరువు ఎచ్చటిది?

చిన్న లెక్క వేయుదము. 1 కోటి 20 లక్షల చుక్కలు గల ఫొటో ఫైలుగా మూడు నాలుగు మెగాబైట్లే కావచ్చును. కాని తెరపై చూపుటకు దానిని పూర్తిగా విప్పినచో, చుక్కకు 4 బైట్ల చొప్పున 4 కోట్ల 80 లక్షల బైట్లు కావలెను. ఒకే నోట్సులో అట్టివి 20 అతికించి, అన్నింటిని ఒకేసారి విప్పినచో 96 కోట్ల బైట్లు, అనగా సుమారు ఒక గిగాబైటు. మంచి యాప్‌లు ఫొటోను తగ్గించి విప్పును. అన్నియు అట్లు చేయవు. ఫోనులో నిల్వస్థలము నిండుట, మరియొక పరికరముతో సరిపోల్చుపని నడుమ ఆగుట, ఒక నోట్సు చెడిపోవుట ఇతర కారణములు.

ఏ వరుసలో బాగుచేయవలెను?

హాని లేనిది ముందు, తిరిగిరానిది చివర. ఇదియే సూత్రము.

మొదట తెరపై కనబడుచున్న వ్రాతను స్క్రీన్‌షాట్ తీయవలెను. ఈ పని ఫోనుది, యాప్‌ది కాదు. కావున గుమాస్తా పలుకకున్నను సాధారణముగా జరుగును. పిదప ఒకటి రెండు నిమిషములు వేచియుండవలెను. అప్పటికిని కదలనిచో, సెట్టింగ్స్‌లో ఫోర్స్ స్టాప్ నొక్కి మరల తెరువవలెను. దీనికి భయపడ పనిలేదు. అనేక యాప్‌లు వాడు ఎస్‌క్యూలైట్ అను డేటాబేస్, మార్పు చేయుటకు ముందే దానిని గూర్చి వేరుగా వ్రాసియుంచుకొనును. పని నడుమ ఆగినను, మరల తెరచినపుడు పూర్వస్థితికి వచ్చును. భద్రపరుపబడక మెమరీలోనే యున్న కడపటి పంక్తులు మాత్రము పోవచ్చును.

తరువాత ఫోనును ఆపి వెలిగించుట, నిల్వస్థలము ఖాళీ చేయుట, యాప్ క్రొత్త కూర్పును వేయుట. క్లియర్ క్యాష్ నొక్కినచో మరల తయారు చేసికొనదగిన తాత్కాలిక ఫైళ్ళే పోవును. కాని దాని ప్రక్కనుండు క్లియర్ డేటా వేరు. అది యాప్ ఆ ఫోనులో దాచుకొన్న దానిని తుడిచివేయును. యాప్‌ను తీసివేయుటయు చాలవరకు అట్టిదే. ఈ రెంటికి ముందు, మరియొక కంప్యూటరులో నోట్సు తెరచి, కడపటి నోట్సు అచ్చటికి చేరినదో లేదో కన్నులార చూడవలెను.

ఒక్క నోట్సే దోషి యని తోచినచో, సగము పద్ధతి కలదు. అబ్సిడియన్ వంటి యాప్‌లు నోట్సులను ఒక ఫోల్డరులో మామూలు ఫైళ్ళుగా ఉంచును. ముందు నకలు తీసి, సగము ఫైళ్ళను వేరొకచోటికి మార్చి తెరువవలెను. బాగుగా నడచినచో దోషి తీసిన సగములో కలదు; లేనిచో మిగిలిన సగములో. 1,000 నోట్సులున్నను 10 పరీక్షలు చాలును. ఏలయన 2ను 10 సార్లు హెచ్చించిన 1,024 వచ్చును. విద్యార్థులు దీనిని తరగతిలో పేకముక్కలతో చేసి చూడవచ్చును.

ఇక మన ఉపాధ్యాయుని మాట. ఆయన మిత్రుని సలహాకు తొందరపడక, పాఠశాల కంప్యూటరులో చూచెననుకొందము. గడచిన రెండు వారముల నోట్సులు అచ్చటికి చేరనేలేదు! యాప్‌ను తీసివేసియున్నచో అవి మరల వచ్చెడివి కావు. ఫోర్స్ స్టాప్ చేసి తెరచి, ముందుగా వానికి నకలు తీసి, పిదప ఫొటోలతో నిండిన నోట్సును నాలుగుగా విడదీసెను, యాప్ నడచినది.

యంత్రము పలుకనపుడు మనకు కలుగు తొందరయే, పెక్కుమారులు, యంత్రదోషముకంటె ఎక్కువ నష్టము కలిగించును. నకలు లేని వ్రాత నీటి అంచున పెట్టిన కాగితము వంటిది. నెలకొకమారైనను మీ నోట్సులకు వేరొకచోట నకలు తీసియుంచుడు.