మీకు తెలుసా? మానేరు మీద బోటు షికారు

చొప్పదండి నుంచి కరీంనగర్ మీదుగా పోతే దిగువ మానేరు డ్యాం. బోటెక్కితే, కింద ఉన్నవి అచ్చంగా మానేరు నీళ్లే అనుకుంటాం. కానీ పోచంపాడు దగ్గర గోదావరిని వదిలి, కాకతీయ కాలువలో 146 కిలోమీటర్లు నడిచొచ్చిన నీళ్లు కూడా అందులో కలిసి ఉంటాయి. జలాశయం నిండితే దాదాపు 24 టీఎంసీలు. కరీంనగర్ తాగేదీ ఈ నీళ్లే. అంటే బోటు ఇంజన్ నుంచి కారిన డీజిల్ ఎక్కడికో పోదు, మన బిందె దాకా వస్తుంది.

1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో దేశీయ జలమార్గాల పడవలకు కొత్త చట్టం వచ్చింది. మర పడవకు రిజిస్ట్రేషన్, తనిఖీ, బీమా ఉండాలి. నూనె, మురుగు నీటిలో వదలడం నేరం. ఇంజన్ లేని తెప్పలు, పుట్టీలను స్థానిక సంస్థల దగ్గర నమోదు చేసుకోవచ్చు.

బోటుతో పాటు కలుపు కూడా ప్రయాణిస్తుంది. నీటి కలుపు మొక్క గుర్రపు డెక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా. ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న చిన్న ముక్కతోనే అది ఇంకో చెరువుకు చేరిపోతుంది. అందుకే బోటును వేరే నీటిలో దించేముందు కడిగి, ఎండబెట్టాలి.

ఇక లైఫ్ జాకెట్. భుజాన వేసుకుంటే సరిపోదు, బకిల్స్ బిగించాలి. నీటి మీద ప్రమాదం చెప్పి రాదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిన పర్యాటక బోటులో వరంగల్ వైపు వాళ్లూ ఉన్నారు. బతికి బయటపడింది 26 మందే. ఆ బోటును కాకినాడ ధర్మాడి సత్యం బృందం ఒడ్డుకు లాగేసరికి అక్టోబర్ 22 అయింది.